సగం చేసే విభజన: మియోసిస్ పుట్టుపూర్వోత్తరాలు

గుర్రం పేగుల్లో బతికే ఏలికపామును చూసి ముచ్చటపడేవాళ్లు అరుదు. బెల్జియంలోని లీయెజ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎడ్వార్డ్ వాన్ బెనెడెన్‌కు మాత్రం అది పెన్నిధి. దాని గుడ్డు తేటగా ఉంటుంది. అందులోని క్రోమోజోములు పెద్దవి, వేళ్ల మీద లెక్కపెట్టగలిగేటన్నే ఉంటాయి. 1883లో ఆయన ప్రకటించిన లెక్క ఇది: అండం నుంచి రెండు, శుక్రకణం నుంచి రెండు, కలిసి నాలుగు. ఫలదీకరణ చెందిన ఆ గుడ్డు చీలుతున్నప్పుడు కొత్త కణాలకూ నాలుగేసి దక్కుతున్నాయి. అలా పెరిగిన పురుగు మళ్లీ గుడ్డు పెట్టేసరికి అందులో రెండే ఉండాలి. మిగిలిన రెండూ ఏమైనట్టు?

ఈ చిన్న తీసివేత లెక్క తేలడానికి శాస్త్రజ్ఞులకు చాలా ఏళ్లు పట్టింది. అది తేలాకే వంశపారంపర్యం అన్న మాటకు ఒక ఆధారం దొరికింది.

అప్పటికి కణ విభజన ఒక మేరకు తెలుసు. జర్మనీలోని కీల్ నగరంలో వాల్టర్ ఫ్లెమింగ్ సాలమాండర్ పిల్లల కణాలకు కొత్తగా వచ్చిన అనిలిన్ రంగులు పట్టించి, సూక్ష్మదర్శిని కింద కనబడినదాన్ని కనబడినట్టు చేత్తో బొమ్మలు గీశాడు. కేంద్రకంలో రంగు పీల్చుకునే పోగులు తేలతాయి, ఒక్కొక్కటీ నిలువునా రెండుగా చీలుతుంది, చెరో సగం చెరో వైపుకు పోతుంది. 1882లో వెలువరించిన గ్రంథంలో ఈ క్రమానికి మైటోసిస్ అని పేరు పెట్టాడు. ఆ పోగులకు క్రోమోజోములన్న పేరు 1888లో వాల్డెయర్ ఇచ్చాడు.

మన పాఠ్యపుస్తకాలు సమవిభజన అంటున్నది దీన్నే. కణం చీలడానికి ముందే ప్రతి క్రోమోజోముకూ నకలు తయారవుతుంది. అసలూ నకలూ విడిపోకుండా అంటిపెట్టుకుని ఉంటాయి. వీటినే సోదర క్రొమాటిడ్లు అంటారు. క్రోమోజోములన్నీ కణం నడుమ ఒకే వరసలో నిలబడతాయి. కండె తంతువులు ఒక క్రొమాటిడ్‌ను ఇటు, రెండోదాన్ని అటు లాగుతాయి. ఫలితంగా ఏర్పడే రెండు కణాల్లో సంఖ్యా అదే, సరుకూ అదే. గాయం మానడానికీ, మొక్క వేరు సాగడానికీ కావలసింది ఇంతకంటే లేదు. కళాశాల ప్రయోగశాలలో ఉల్లి వేరు కొసను నలిపి గాజు పలక మీద చూపించేది ఈ విభజనే.

అయితే సంతానోత్పత్తి కణాలు కూడా ఇలాగే చీలితే కొంప మునుగుతుంది. మనిషి కణంలో 46 క్రోమోజోములున్నాయి. అండమూ శుక్రకణమూ చెరో 46 మోసుకొస్తే బిడ్డకు 92, మనుమడికి 184. పదో తరానికి చేరేసరికి 47,104. అలా జరగడం లేదంటే మధ్యలో ఎక్కడో సగానికి తగ్గే ఏర్పాటు ఉండి తీరాలి.

ఉండి తీరాలని 1887లో గట్టిగా వాదించినవాడు ఫ్రైబర్గ్‌కు చెందిన ఆగస్ట్ వైస్‌మన్. కంటిచూపు దెబ్బతిని సూక్ష్మదర్శినికి దూరమైన శాస్త్రజ్ఞుడాయన. చూడలేని దాన్ని తర్కంతో పట్టుకున్నాడు: బీజకణాలు తయారయ్యేటప్పుడు వంశపదార్థాన్ని సగం చేసే ప్రత్యేక విభజన ఒకటి జరగాలి. మూడేళ్ల తర్వాత, 1890లో ఆస్కార్ హెర్ట్‌విగ్ ఆ ఏలికపాములోనే శుక్రకణాలూ అండాలూ తయారయ్యే తీరును పక్కపక్కన పెట్టి చూపించాడు. రెండు చోట్లా కణం వెంటవెంటనే రెండుసార్లు చీలుతోంది, కాని క్రోమోజోముల నకళ్లు తయారయ్యేది ఒక్కసారే. శుక్ర మాతృకణం నుంచి నాలుగు శుక్రకణాలు వస్తాయి. అండ మాతృకణం నుంచి ఒక పెద్ద అండం, ఎందుకూ పనికిరాని మూడు చిన్న ధ్రువ కణాలు వస్తాయి. ఒక్క నకలు, రెండు చీలికలు అంటే చివరికి మిగిలేది సగమే. లెక్క సరిపోయింది.

అయినా పెద్ద ప్రశ్న అలాగే ఉండిపోయింది. సగమంటే ఏ సగం? ఏదో ఒక సగమైతే సరిపోదు. ప్రతి రకం క్రోమోజోమూ ఒక్కొక్కటి చొప్పున అందాలి. 1900లో బెల్జియం శాస్త్రజ్ఞుడు వాన్ వినివార్టర్ కుందేలు అండాశయంలో సన్నని క్రోమోజోములు రెండేసి పక్కపక్కన చేరి నిలువునా జతకట్టడం చూశాడు. ఆ జతలో ఒకటి తల్లి నుంచి వచ్చినది, ఇంకొకటి తండ్రి నుంచి వచ్చినదని అమెరికాలో థామస్ మాంట్‌గోమరీ 1901లో ప్రతిపాదించాడు. వీటినే సమజాత క్రోమోజోములు అంటున్నాం. సమవిభజనలో ఇవి ఒకదానినొకటి పట్టించుకోవు. ఇక్కడ మాత్రం వెతుక్కుని మరీ దగ్గరవుతాయి.

ఆ వెంటనే రంగంలోకి దిగినవాడు వాల్టర్ సట్టన్. కాన్సాస్ పొలాల్లో పెరిగిన సట్టన్, కొలంబియా విశ్వవిద్యాలయంలో విల్సన్ దగ్గర చదువుకుంటూ పెద్ద జాతి మిడతల వృషణ కణాలను పరిశీలించాడు. వాటి క్రోమోజోములు పరిమాణంలో తేడాగా ఉండటంతో ఏది ఏదో గుర్తుపట్టవచ్చు. జతకట్టిన ప్రతి రెండూ తర్వాత చెరో కణానికి వెళ్లడం ఆయన గమనించాడు. ఏ జతలో తల్లిది ఎటు, తండ్రిది ఎటు అన్నది మాత్రం మిగతా జతలతో ప్రమేయం లేకుండా తేలుతుందని 1903 వ్యాసంలో వాదించాడు. 1900లో మళ్లీ వెలుగు చూసిన మెండెల్ బఠానీ సూత్రాలు చెబుతున్నదీ ఇదే. మెండెల్ ఊహించిన కారకాల ప్రవర్తనా, సూక్ష్మదర్శినిలో కనబడే క్రోమోజోముల ప్రవర్తనా ఒక్కటేనన్నాడు. జర్మనీలో థియోడోర్ బొవెరి సముద్రపు అర్చిన్ల గుడ్లతో చేసిన ప్రయోగాలు కూడా ఇటే దారితీశాయి. మనిషికున్న 23 జతలకు సట్టన్ పద్ధతిలో లెక్కేస్తే, ఒక్క వ్యక్తి నుంచి రాగల కూర్పులు 83,88,608.

ఈ విభజనకు పేరు పెట్టింది 1905లో ఫార్మర్, మూర్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు. తొలి రూపం మయోసిస్, తర్వాత మియోసిస్‌గా స్థిరపడింది. తెలుగులో క్షయకరణ విభజన.

ఎనభై లక్షల కూర్పులతో కథ ముగియలేదు. జతకట్టిన క్రోమోజోములు కొన్ని చోట్ల కత్తెర వేసినట్టు అడ్డంగా కలిసి ఉండటం లూవెన్‌లో జాన్సెన్స్ అనే మతాచార్యుడు సాలమాండర్ కణాల్లో చూశాడు. ఆ చోట్ల తల్లి పోగూ తండ్రి పోగూ తెగి, ముక్కలు మార్చుకుని అతుక్కుంటున్నాయని 1909లో రాశాడు. న్యూయార్క్‌లో పండు ఈగలతో కుస్తీ పడుతున్న మోర్గన్‌కు ఆ మాట అక్కరకొచ్చింది. ఒకే క్రోమోజోము మీదున్న లక్షణాలు కూడా అప్పుడప్పుడు ఎందుకు విడిపోతున్నాయో దానితో వివరించగలిగాడు. ఆయన శిష్యుడు స్టర్టివంట్ ఆ వినిమయం ఎంత తరచుగా జరుగుతుందో కొలిచి, 1913లో తొలి జన్యు పటం గీశాడు. క్రోమోజోము ముక్కలు నిజంగానే చేతులు మారుతున్నాయని కళ్లకు కట్టే రుజువు 1931లో మొక్కజొన్నలో దొరికింది. దాన్ని ఇచ్చింది హారియట్ క్రైటన్, బార్బరా మెక్‌క్లింటాక్. మనిషిలో పురుషుడి కణంలో సుమారు 50 చోట్ల, స్త్రీ కణంలో సుమారు 70 చోట్ల ఈ వినిమయం జరుగుతుంది. అందుకే మన అండంలోనో శుక్రకణంలోనో ఉండే క్రోమోజోము అచ్చంగా అమ్మదీ కాదు, అచ్చంగా నాన్నదీ కాదు.

ఇంతవరకూ తేలినదాన్ని కూడితే, మియోసిస్ కొత్తగా పుట్టిన యంత్రమేమీ కాదని అర్థమవుతుంది. నకలు తీయడం, కండె తంతువులు, లాగడం అన్నీ సమవిభజనలోవే. వాటి మీద పడిన మార్పులు మూడు. ఒకటి, సమజాత క్రోమోజోములు జతకట్టి ముక్కలు మార్చుకుంటాయి. రెండు, మొదటి చీలికలో సోదర క్రొమాటిడ్లు విడిపోవు. ఒకే కాడికి కట్టిన ఎడ్లలా రెండూ ఒకే వైపుకు నడుస్తాయి. విడిపోయేవి తల్లి, తండ్రి క్రోమోజోములు. సంఖ్య సగమయ్యేది ఇక్కడే. మూడు, మళ్లీ నకలు తీయకుండానే రెండో చీలిక జరుగుతుంది. అది చూడటానికి సమవిభజన లాంటిదే, సోదర క్రొమాటిడ్లు అప్పుడు విడిపోతాయి.

ఈ మూడు మార్పుల వెనకున్న అణువులను ఇటీవలి దశాబ్దాల్లో పట్టుకున్నారు. వినిమయానికి ముందు డీఎన్ఏ రెండు పోగులనూ కావాలని తెంపేది స్పో11 అనే ప్రోటీనని 1997లో ఈస్ట్ కణాల్లో తేలింది. క్రొమాటిడ్లను కలిపి ఉంచే బంధంలో సమవిభజనకు ఒక ప్రోటీన్ ఉంటే, మియోసిస్‌లో దాని స్థానంలో రెక్8 చేరుతుంది. మొదటి చీలికలో సోదరులు ఒకే వైపుకు వెళ్లడానికి అది కావాలని వతనబే, పాల్ నర్స్ 1999లో చూపించారు. స్పో11కు దగ్గరి చుట్టం ఆర్కియా అనే ఏకకణ జీవుల్లో డీఎన్ఏ చిక్కులు విప్పే ఎంజైము. రెక్8 చుట్టం సమవిభజనలోనే ఉంది. ఈస్ట్‌లో, వరిలో, మనిషిలో ఇవే పనిముట్లు కనిపిస్తున్నాయంటే, వందకోట్ల ఏళ్లకు మునుపే మన అందరి ఉమ్మడి పూర్వజీవిలో ఈ ఏర్పాటు కుదిరి ఉండాలి.

మార్పులు మూడే అయినా ఒక్కటి తప్పితే ఫలితం పెద్దది. మనిషికి 46 క్రోమోజోములని 1956లో తియో, లెవాన్ ప్రకటించారు. ఆ ఏడాదే ఇంగ్లండులో ఫోర్డ్, హామర్టన్ వృషణ కణాల మియోసిస్‌లో 23 జతలు లెక్కించి దాన్ని బలపరిచారు. మూడేళ్లకే డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో 21వ క్రోమోజోము మూడు ప్రతులున్నట్టు పారిస్ బృందం వెల్లడించింది. ఈ పొరపాటు ఎక్కువగా తల్లి వైపు మియోసిస్‌లో జరుగుతుంది. మగవారిలో ఈ విభజన యుక్తవయసులో మొదలై నిరంతరం సాగుతుంది. స్త్రీలో అలా కాదు. ఆమె ఇంకా తన తల్లి కడుపులో ఉండగానే అండ మాతృకణాలన్నీ మియోసిస్ మొదలుపెట్టి, జతలు కట్టి, ఆగిపోతాయి. ఏ నెలకు ఏది విడుదలవుతుందో దాని మొదటి చీలిక అప్పుడు పూర్తవుతుంది. రెండోది శుక్రకణం చేరితేనే. అంటే ఒక అండం ముప్పై నలభై ఏళ్లు నిరీక్షణలో ఉండవచ్చు. అంతకాలంలో క్రోమోజోములను పట్టి ఉంచే బంధాలు సడలుతాయి. తల్లి వయసు పెరిగేకొద్దీ ముప్పు పెరగడానికి ఇది ముఖ్య కారణం.

జత కుదరకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే అరటిపండు ఒలిస్తే చాలు. చక్రకేళి, అమృతపాణి వంటి రకాల్లో ప్రతి క్రోమోజోమూ మూడేసి ఉంటుంది, మొత్తం 33. మూడింటిని రెండు వైపులకు సమంగా పంచడం సాధ్యం కాదు, బీజకణాలు సవ్యంగా ఏర్పడవు. పండులో గింజ కట్టకపోవడానికి అదొక ప్రధాన కారణం. అందుకే అరటిని పిలకలతో పెంచుతాం. పిలక పెరిగేది సమవిభజనతో గనుక తల్లి గుణం తప్పిపోదు.

గింజతో పండే పైరుకు ఈ సౌకర్యం లేదు. హైబ్రిడ్ వరో పత్తో మొదటి ఏడు బాగా పండుతుంది. ఆ పంట గింజలే దాచి మళ్లీ వేస్తే ఎత్తు ఒకలా ఉండదు, కోతకు ఒక్కసారిగా రాదు. ఆ మొక్క పువ్వులో జరిగిన మియోసిస్ మేలైన కూర్పును విడగొట్టేసింది మరి. గద్వాల ప్రాంతంలో పత్తి విత్తనం కోసం పూటపూటా పువ్వు పువ్వుకూ చేతితో పుప్పొడి అద్దే శ్రమా, రైతు ఏటేటా విత్తన సంచి కొనే ఖర్చూ ఈ కలగలుపు వల్లనే.

మరి ఆ మూడు మార్పులనూ తీసేస్తే? ఇందులో తొలి అడుగుల్లో ఒకటి హైదరాబాద్ సీసీఎంబీలో పడింది. ఇమ్రాన్ సిద్దిఖీ బృందం అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఒకే ఒక జన్యువును మారిస్తే, కొన్ని అండాలు సగం కాకుండా తల్లి జన్యు సంపద మొత్తంతో తయారవుతాయని 2008లో చూపించింది. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో రఫాయెల్ మెర్సియె బృందం అదే మొక్కలో మూడు జన్యువులను కలిపి పనిచేయకుండా చేసింది. స్పో11 పోతే వినిమయం పోయింది. రెక్8 పోతే మొదటి చీలికలోనే సోదర క్రొమాటిడ్లు విడిపోయాయి. మూడోది, ఓఎస్‌డీ1 పోతే రెండో చీలిక జరగలేదు. మిగిలింది అచ్చమైన సమవిభజన. సూక్ష్మదర్శినితో వందేళ్లు వెతికి పట్టుకున్న తేడాకు ఇంతకంటే సూటి రుజువు లేదు.

2011లో ఈ రెండు బృందాలూ, కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులూ కలిసి తల్లికి నకలైన గింజలను తయారుచేశారు. 2019లో వరిలోనూ కాలిఫోర్నియా, చైనా బృందాలు వేర్వేరు దారుల్లో దీన్ని సాధించాయి. 2022 నాటికి ఒక హైబ్రిడ్ వరిలో 95 శాతానికి పైగా గింజలు తల్లి నకళ్లుగా వచ్చాయి. ఇది పొలాలకు చేరితే రైతు తన హైబ్రిడ్ పంట నుంచే విత్తనం దాచుకోగలడు.

అయితే నకలు తీయదగిన హైబ్రిడ్ ఎక్కడి నుంచి వస్తుంది? రెండు మేలైన వంశాలను ఎన్నో తరాలు కలిపి, విడిపోయిన వేల కూర్పుల్లోంచి ఒకదాన్ని ఏరుకుంటేనే వస్తుంది. ఆ వేల కూర్పులను పుట్టించేది మియోసిసే. కొత్త తెగులు వచ్చి ఆ వంగడం చేతులెత్తేసిన నాడు ప్రజననకారుడు ఆపేసిన ఆ విభజననే మళ్లీ నడిపించుకోవాలి.