ఊరి బడిలో ప్రత్యేక విద్య

వేసవి వచ్చినదంటే వార్తలలో తప్పక వినబడే పేరు పల్నాటిలోని రెంటచింతల. ఎండలకు పేరుపడిన ఆ ఊరికి మరొక గుర్తింపు కూడ కలదు. లూథరన్ క్రైస్తవ సంఘం వారు నెలకొల్పిన అంధుల పాఠశాల అక్కడిదే. 1842లో హేయర్ అనే ఫాదరీ గుంటూరు చేరిన నాటినుండి ఆ మిషను వారు ఈ ప్రాంతంలో బడులు, ఆసుపత్రులు కట్టిన సంగతి చాలమందికి తెలిసినదే. బధిర బాలబాలికల కొరకు బాపట్లలోను, ఒంగోలులోను ప్రభుత్వ వసతి పాఠశాలలు ఏర్పడినవి.

ఇక పటం ముందు పెట్టుకొని చూడవలెను. పల్నాటిలోని మాచర్ల మొదలుకొని నల్లమల అంచున గిద్దలూరు వరకు, అటు సముద్రపు ఒడ్డున చీరాల వరకు పరచుకొన్న ఈ పత్తి, మిరప నేలలో ఇటువంటి బడులు వ్రేళ్లమీద లెక్కించదగినన్నే. ఒక పల్లెలో కండ్లు కనబడని ఆరేండ్ల పిల్ల ఉన్నదనుకొందాము. ఆ పిల్ల చదువవలెనంటే తల్లి తన బిడ్డను ఎంతో దూరాన విడిచి రావలెను. చాలమంది తల్లులకు ఆ పని చేతకాలేదు. వారిని తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ పిల్లలు ఇంటి అరుగు మీదనే పెరిగి పెద్దవారైనారు. ఊరి బడి గంట వారికి ప్రతిరోజు వినబడుచునే ఉండెను.

ఆ ఊరి బడిలోనే ఆ పిల్లకు చోటు ఇవ్వరాదా అనే ప్రశ్న చాల సులభంగా తోచును. ప్రపంచం దానికి జవాబు వెదకడానికి సుమారు నూరేండ్లు పట్టినది.

అంధుల కొరకు మొదటి పాఠశాలను వాలెంటిన్ ఆవి అనే ఆయన 18వ శతాబ్దం చివర పారిస్‌లో ప్రారంభించినాడు. అక్కడ మామూలు అక్షరాలనే కాగితంపై ఉబ్బెత్తుగా అచ్చువేసి వ్రేళ్లతో తడిమించెడివారు. చదవడం కష్టం, వ్రాయడం అసాధ్యం. మూడేండ్ల వయస్సులో తండ్రి జీనుల దుకాణంలో పనిముట్టు గుచ్చుకొని చూపు కోల్పోయిన లూయీ బ్రెయిల్ ఆ బడిలోనే చదివినాడు. చార్లెస్ బార్బియే అనే సైనికాధికారి పన్నెండు చుక్కలతో ఒక వ్రాత పద్ధతిని కల్పించగా, బ్రెయిల్ దానిని ఆరు చుక్కలకు కుదించినాడు. అప్పటికి, 1824 నాటికి, అతనికి పదిహేనేండ్లు. మన ఉన్నత పాఠశాల విద్యార్థి వయస్సే.

ఆరు చుక్కలే ఎందుకు? రెండు మొనలు ఒకేసారి తాకినప్పుడు అవి రెండని వ్రేలికొన గుర్తించవలెనంటే వాటిమధ్య సుమారు 2 మిల్లీమీటర్ల ఎడముండవలెను. బ్రెయిల్ చుక్కల ఎడము సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. ఆరు చుక్కల గడి మొత్తం ఒక్క వ్రేలికొన క్రింద ఇముడును. పన్నెండు చుక్కలైతే వ్రేలిని పైకి క్రిందికి కదపవలసి వచ్చును. ఇక లెక్కకు వస్తే, ప్రతి చుక్క ఉండుటయో, లేకుండుటయో రెండే స్థితులు. ఆరింటికి రెండు ఆరవ ఘాతం, అనగా 64. ఖాళీ గడిని తీసివేస్తే 63 గుర్తులు. తెలుగు వర్ణమాలకు అవి చాలును. గుణింతానికి వేరే గుర్తులు అక్కరలేదు: ‘కా’ వ్రాయడానికి ‘క’ వెంట ‘ఆ’ పెడితే సరి. 1951లో యునెస్కో ఆధ్వర్యాన బీరూట్‌లో జరిగిన సమావేశంతో భారతీయ భాషలన్నిటికి ఉమ్మడిగా భారతి బ్రెయిల్ స్థిరపడినది. తెలుగు ‘క’కు, హిందీ ‘క’కు, ఇంగ్లీషు ‘కె’కు చుక్కలు ఒకటే.

ఇందులో ఉపాధ్యాయులు గమనించవలసిన విశేషం ఒకటి కలదు. బ్రెయిల్ పలక, దానిపై గుచ్చే మొనగల పుల్ల, లెక్కలు చేయడానికి టేలర్ చట్రం, ఇవన్నీ కలిపినా ఒక చేతిసంచిలో పట్టును. అంధవిద్యకు కావలసిన సామగ్రి భవనాన్ని అంటిపెట్టుకొని ఉండేది కాదు. దానిని నేర్పగల మనిషి సంచితో సహా ఊరి బడికి నడచి రావచ్చును. 1900లో అమెరికాలోని చికాగో నగరంలో మామూలు ప్రభుత్వ పాఠశాలలో అంధ బాలుర కొరకు ఒక తరగతి పెట్టినప్పుడు జరిగినది ఇదే. పిల్లలు బ్రెయిల్ ఆ తరగతిలో నేర్చి, మిగిలిన పాఠాలకు తోటి పిల్లలతో కూర్చుండెడివారు. సాయంకాలం తమ యింటికి తాము పోయెడివారు.

వినికిడి సంగతి వేరు. ఈ తేడాను గుర్తించకుండ, పిల్లలందరిని ఊరి బడిలో చేర్చితే సమస్య తీరినట్లే అనుకొనడం పెద్ద పొరపాటు.

మీటరు దూరంలో మామూలు మాట బలం సుమారు 60 డెసిబెళ్లు. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడెల్ల దాదాపు 6 డెసిబెళ్ల చొప్పున తగ్గును. ఎనిమిది మీటర్లంటే మూడు రెట్టింపులు. మాట 42 డెసిబెళ్లకు దిగిపోవును. గదిలో అంత తగ్గదు, నిజమే. కాని గోడల ప్రతిధ్వని మాటను మసక చేయును. వినికిడి యంత్రం మాటతోపాటు ఫ్యాను చప్పుడును, ప్రక్క తరగతి వల్లెవేతను కూడ పెద్దవి చేసి చెవిలో పోయును. బడి చివరి బెంచీలో కూర్చున్న పిల్లవాడు యంత్రం తీసి జేబులో వేసికొన్నాడంటే అది మొండితనం కాదు. ఇక ఉపాధ్యాయుడు నల్లబల్లవైపు తిరిగి వ్రాయుచు చెప్పుకొనిపోతే పెదవుల కదలిక కూడ కనబడదు.

అంతకన్న ముఖ్యమైనది భాష. పుట్టు చెవుడు గల శిశువు నిత్యం మాటల మధ్యనే పెరిగినా ఏ భాషా అందదు. సైగల భాష సంపూర్ణమైన భాషయే. దానికి వ్యాకరణం కలదు. కాని 1880లో మిలాన్‌లో చేరిన బధిరవిద్యా సమావేశం సైగలను బడినుండి తొలగించి, నోటిమాటనే నేర్పవలెనని తీర్మానించినది. ఆ తీర్మానం ప్రభావం చాల దేశాలలో నూరేండ్లవరకు పోలేదు. మన దేశంలో భారతీయ సంజ్ఞాభాషకు ప్రత్యేకంగా పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడినది 2015లో మాత్రమే. తరగతి గదులలో అణచబడినా, ఆ భాష వసతి పాఠశాలల ఆటస్థలాలలో, భోజనశాలలలో పిల్లలనుండి పిల్లలకు పాకి బ్రతికినది. బాపట్ల వంటి చోట బధిర బాలునికి దొరికేది బెంచీ ఒక్కటే కాదు, తనతో మాటాడగల నూరుమంది. ఊరి బడిలో అట్టివారు ఒక్కరైనా ఉండకపోవచ్చును.

మందబుద్ధులని పూర్వం పిలిచిన పిల్లల విషయంలో చరిత్ర ఇంకొక మలుపు తిరిగినది. నిర్బంధ విద్య వచ్చిన తరువాత ఫ్రాన్సులో, ఎవరికి ప్రత్యేక బోధన అవసరమో తేల్చే పరీక్ష కావలసి వచ్చినది. 1905లో బినే, సిమోన్ ఆ పరీక్షను తయారుచేసినారు. సాయం ఎవరికి కావలెనో తెలిసికొనడానికే బినే దానిని ఉద్దేశించినాడు. బుద్ధి మారరాని పరిమాణమని అతడు ఒప్పుకొనలేదు. తరువాతి వారు దానినే పిల్లలను బడినుండి వేరుపరచే కొలబద్దగా వాడినారు. ఈ పిల్లల విద్యకు పనికివచ్చే పరిశోధనల కొరకు 1984లో సికింద్రాబాదులో ఒక జాతీయ సంస్థ ఏర్పడినది.

మన దేశంలో సిద్ధాంతానికి ఎన్నడు కొదువ లేదు. స్వాతంత్ర్యానికి ముందే, 1944 నాటి సార్జంటు నివేదికలో, వీలున్నంతవరకు ఈ పిల్లలను వేరుచేయరాదని చెప్పినారు. 1964–66 నాటి కొఠారి సంఘం కూడ మామూలు పాఠశాలల వైపే మొగ్గినది. 1974లో కేంద్ర ప్రభుత్వం సమైక్య విద్యా పథకాన్ని ప్రారంభించినది. బడి మెట్టు ఎక్కగలిగి, పాఠం అందుకొనగలిగిన పిల్లవానికి చోటు దొరకినది. అందుకొనలేనివాడు ఇంటికి పోయినాడు. పిల్లవాడు బడికి తగినట్లు మారవలెననేది నాటి భావన. బడియే పిల్లవానికి తగినట్లు మారవలెననే భావనకు 1994లో స్పెయిన్‌లోని సాలమంకా సమావేశం ప్రపంచవ్యాప్తంగా బలం చేకూర్చినది. దీనినే నేడు సహిత విద్య అంటున్నారు. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను పేర్కొనగా, 2016 చట్టం ఇరువదియొకటి పేర్కొన్నది. ఆ 2016 చట్టంలో ఒక వివేకం కలదు: తగినంత వైకల్యమున్న పిల్లలు ఆరునుండి పదునెనిమిదేండ్ల వరకు దగ్గరి బడిలోగాని, తమకు నచ్చిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితంగా చదువుకొనవచ్చును. రెండు తలుపులు తెరచియుంచినారు.

ఇక ఈ నేల సంగతి. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు 1970 వరకు నెల్లూరు జిల్లాలోనివి. ఆ ఏడు ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకే 1972లో ప్రకాశం అనే పేరు వచ్చినది. నీటిలో ఫ్లోరైడు ఎక్కువైతే ఎముకలు చెడుననే విషయం మన దేశంలో మొదట శాస్త్రీయంగా వెల్లడియైనది నాటి నెల్లూరు జిల్లాలోనే. 1937లో షార్ట్ మొదలైన వైద్యులు దానిని ప్రకటించినారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీరు ఏండ్ల తరబడి త్రాగితే పండ్లపై మచ్చలు, కీళ్ల బిగువు, కొందరు పిల్లలలో మోకాళ్ల వంకర కనబడును. పోలియో మాత్రం పోయినది. దేశంలో చివరి కేసు 2011 జనవరిలో నమోదైనది. 2014లో మన దేశం పోలియో లేనిదిగా ధ్రువీకరించబడినది. ఇనుప పట్టీల కాలితో బడికి వచ్చే పిల్లవాడు ఒకప్పుడు ప్రతి పెద్ద బడిలో కనబడెడివాడు.

కాలు చెడిన పిల్లవానికి కావలసినది ప్రత్యేక పాఠ్యం కాదు, దారి. కాన్పూరులో 1972లో నెలకొల్పిన ప్రభుత్వ కర్మాగారం చక్రాల కుర్చీలు, మూడు చక్రాల బండ్లు తయారుచేయును. అవి శిబిరాలలో పంచబడును. కాని మన నల్లరేగడిలోని బంకమన్ను నీరు తగిలితే ఉబ్బి చక్రానికి పట్టుకొనును. తొలకరి పడినదంటే బండి ఇంటిముందే ఆగును. బడి గుమ్మానికి వాలు కట్టించినా, అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండవలెనన్న కొలత పాటించకపోతే పిల్లవాడు తనంత తాను ఎక్కలేడు. పైగా మిరప కోతల కాలంలో పడమటి మెట్ట ఊళ్లనుండి కుటుంబాలు గుంటూరు వైపు కూలికి తరలిపోవును. నడవలేని బిడ్డను వెంట తీసికొనిపోతే బడి పోవును, అవ్వ దగ్గర విడిచిపోతే ఎత్తుకొని బడికి చేర్చే చేతులు పోవును.

ఈ చిక్కులకు జవాబుగా సర్వశిక్షా అభియాన్ కాలంలో వచ్చినవే భవిత కేంద్రాలు. మండలంలో ఒక మామూలు పాఠశాల ఆవరణలోనే ఒక గది. అక్కడ సహిత విద్యలో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు సాధారణంగా ఇద్దరు. పిల్లలు తల్లితోగాని తండ్రితోగాని వచ్చెదరు. రాకపోకల ఖర్చుకు, తోడు వచ్చేవారికి భత్యం ఉండును. ఫిజియోథెరపిస్టు నియమిత దినాలలో వచ్చి కండరాలకు కసరత్తు చేయించును. కదలలేని పిల్లల యింటికే ఉపాధ్యాయులు పోయి నేర్పవలెను. తీవ్ర వైకల్యమున్న వారికి ఇంటివద్ద విద్య కోరే హక్కును 2012లో విద్యాహక్కు చట్టానికి చేసిన సవరణ ఇచ్చినది. చికాగోలో ఒక గదితో మొదలైన ఆలోచన నూరేండ్లు దాటిన తరువాత మన మండలాలకు వచ్చినదనవచ్చును.

ఐతే లెక్క చూడవలెను. 2021లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన పిమ్మట నిర్ణయించిన ప్రమాణం ప్రకారం ప్రాథమిక స్థాయిలో ఇట్టి పదిమంది పిల్లలకు, పై స్థాయిలో పదిహేనుమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండవలెను. మండలంలోని పల్లెలన్నిటికి ఇద్దరే ఉంటే, వారు ఒక్కొక్క బడికి నెలకు ఎన్నిసార్లు పోగలరు? ఆ ఇద్దరిలో బ్రెయిల్ తెలిసినవారు ఉంటే సంజ్ఞాభాష తెలియకపోవచ్చును. రెండును తెలిసినా బుద్ధి ఎదుగుదల తక్కువైన పిల్లలకే వారి దినమంతా చాలకపోవచ్చును. హాజరు పట్టీలో పేరు ఎక్కించడం ఒక్క నిమిషం పని. పట్టీలో పేరుండి, అయిదేండ్లు బడికి వచ్చి, అక్షరం రాక వెళ్లిన పిల్లవానికి చోటు దొరికినట్లా? ఇక్కడ నిజమైన సీటు బెంచీ కాదు, ఉపాధ్యాయుడే. ఉపాధ్యాయుల లెక్క పెరగనిదే సీట్ల లెక్క పెరిగినదనడం చెల్లదు.

పొరుగున కృష్ణా జిల్లాలో మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా కథ పలువురికి తెలిసినదే. 2024లో అది హిందీ చలనచిత్రంగా కూడ వచ్చినది. పుట్టుకతో చూపులేని ఆయన హైదరాబాదులోని అంధుల వసతి పాఠశాలలో చదివినాడు. పదవ తరగతి దాటి సైన్సు తీసికొనబోగా నిబంధనలు ఒప్పుకొనలేదు. బొమ్మలు, గ్రాఫులు కండ్లులేనివారికి సాధ్యం కావని వాదన. ఆయన న్యాయస్థానానికి వెళ్లి అనుమతి పొంది, సైన్సు చదివి 98 శాతం మార్కులు తెచ్చుకొన్నాడు. ఆ పిమ్మట అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరినాడు. ప్రత్యేక పాఠశాల ఆయనకు చదువు ఇచ్చినది. ఆ చదువు పైకి సాగవలసిన చోట మామూలు విద్య తలుపు మూసియుండెను.

బొమ్మలు సాధ్యం కావనేది ఎంత నిజం? అట్టముక్కపై బంకతో గీత గీసి, తడి ఆరకముందే దానిపై నూలుదారం అంటించితే గ్రాఫు తయారగును. అక్షాలకు పురికొస, వక్రరేఖకు సన్నదారం, బిందువులున్నచోట కందిగింజలు. ఇందుకయ్యే ఖర్చు కొద్ది రూపాయలు, కాలం పావుగంట. చల్లారే నీటి ఉష్ణోగ్రతను నిమిష నిమిషానికి గుర్తించిన గ్రాఫును ఇట్లు చేసి ఇస్తే, రేఖ మొదట ఎంత నిటారుగా దిగినదో, ఎక్కడ వంగి సాగిపోయినదో పిల్ల వ్రేలితో తడిమి చెప్పగలదు. ప్రక్కనున్న కండ్లున్న పిల్లలు కూడ కండ్లు మూసికొని దానిని తడిమి చూతురు.