‘ఏరా’ ఎవరికి, ‘పటేలా’ ఎవరికి? మేడ్చల్, శామీర్‌పేట పిలుపుల్లో కులం

మేడ్చల్ చౌరస్తాలోనో, శామీర్‌పేట అడ్డా మీదనో కాసేపు నిలబడితే చాలు, అరేయ్, ఏరా, మామా, కాకా, భాయ్, తమ్మీ, భయ్యా, చోటూ అన్నీ వినపడతాయి. ద్రాక్ష తోటలున్న నేల మీద వెంచర్లు, ఫ్యాక్టరీలు లేచాయి. ఊరి తెలుగు, పట్నం ఉర్దూ, వలస కూలీల హిందీ కలిసిపోయాయి. పిలుపులు కలిసినంతగా మనుషులు కలిశారా అన్నది వేరే ప్రశ్న.

ముందుగా ఒక అపోహ సంగతి. ‘ఏకవచనంతో పిలిచాడు’ అంటే అవమానించాడనే అర్థం పాఠ్యపుస్తకాల తెలుగుది. తెలంగాణ పల్లెలో తల్లిని, తండ్రిని, ఎమ్మెల్యేను కూడా ‘నువ్వు’ అంటారు. ‘అన్నా, నువ్వు రావాలె’ అనడంలో తక్కువ చేయడం లేదు. అవమానం ‘నువ్వు’లో లేదు, పిలుపు ఒకవైపే నడవడంలో ఉంది. ఇద్దరు దోస్తులు ‘ఏరా’ అంటే ‘ఏరా’ అనుకుంటారు. పటేల్ ఇంటి పదేళ్ల పిల్లగాడు అరవై ఏళ్ల మాదిగ పెద్దమనిషిని ‘ఏరా’ అంటే, ఆయన ‘ఏరా’ అని తిరిగి అనలేడు. ‘చిన్న పటేలా’ అనాలి.

పేర్లకూ ఇదే గతి. మల్లయ్యలో ‘అయ్య’ను కోసేసి ‘గాడు’ తగిలిస్తే మల్లిగాడు. ఎల్లమ్మలో ‘అమ్మ’ పోతే ఎల్లి, ఆపైన ‘ఏమే’. అమ్మానాన్నలు పేరులోనే పెట్టిన మర్యాదను దొర నోరు తీసేసిందన్నమాట. నిజాం కాలపు ‘నీ బాంచన్ దొరా’లో బాంచన్ అంటే బానిస. 1946-51 సాయుధ పోరాటం ఆ మాటను చాలా ఊళ్లలో నోటి నుంచి దించేసింది. 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్, పట్వారీ ఉద్యోగాలను రద్దు చేసింది. ఉద్యోగం పోయినా ‘పటేలా’ అన్న పిలుపు మిగిలింది.

కాలేజీ పిల్లల ‘మామా’, ‘బావా’ అందరినీ కలుపుతున్నట్టే కనపడతాయి. రోజూ ‘బావా’ అనేవాడిని నిజంగా వరస కలుపుకుందామని అడిగి చూడండి, సంగతి తెలుస్తుంది. హోటల్‌లో బల్ల తుడిచే పిల్లవాడికి పేరే ఉండదు, ‘చోటూ’ చాలు. వయసు మీద పడినా చోటూయే.

పిలుపు మీద పోరాటం మన దగ్గరే జరగలేదు. 1917 విప్లవంలో పెట్రోగ్రాడ్ సోవియట్ మొదటి ఉత్తర్వు, అధికారులు సైనికులను ‘నువ్వు’ అనడాన్ని నిషేధించింది. అదే ఏడాది బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనవాళ్లు ‘పంచములు’ అన్న పేరును తోసేసి ‘ఆది ఆంధ్రులు’ అని చెప్పుకున్నారు. అమెరికాలో 1963లో మేరీ హామిల్టన్ అనే నల్లజాతి ఉద్యమకారిణిని అలబామా కోర్టులో లాయరు ఒట్టి ‘మేరీ’ అన్నాడు. తెల్లవాళ్లను పిలిచినట్టు ‘మిస్ హామిల్టన్’ అని పిలిచేదాకా జవాబు చెప్పనందామె. జడ్జి ఐదు రోజుల జైలు, 50 డాలర్ల జరిమానా వేశాడు. 1964లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. శామీర్‌పేట నల్సార్‌లో లా చదివే మన పిల్లలు వెతికి చదవాల్సిన కేసు ఇది.

మన చట్టం ఎంతవరకు వస్తుంది? ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఎస్), కులం పేరుతో దూషించడాన్ని నేరమంటుంది. 3(1)(ఆర్), కించపరచాలనే ఉద్దేశంతో అవమానించడాన్ని, బెదిరించడాన్ని నేరమంటుంది. రెండింటికీ అది నలుగురి కంటపడే చోట జరగాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్న మాట దీని కిందికి రాదని 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాధితులు దళితులు కాబట్టే అవమానించారని కూడా తేలాలంది. అందుకే కులం పేరు ఎత్తకుండా ‘ఒరేయ్’ అనేవాడు తెలివిగానే అంటాడు. స్టేషన్‌కు పోతే ఫిర్యాదులో ‘తిట్టాడు’ అని ఊరుకోకండి. అన్న మాట అన్నట్టే, ‘రా’తో సహా రాయండి. ఎక్కడ అన్నాడో, చుట్టూ ఎవరున్నారో, తన కులపోళ్లను అదే మనిషి ఏమని పిలుస్తాడో అదీ రాయండి.