పాలడబ్బాలో పదిహేడు డాలర్లు

ఏటా అక్టోబర్ 31 రాత్రి, హాలోవీన్ పండుగనాడు, అమెరికా పిల్లలు వేషాలు కట్టి ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారు. ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ అని కేక వేస్తే చాలు, గుమ్మంలోంచి గుప్పెడు చాక్లెట్లు చేతిలో పడతాయి. 1950లో ఫిలడెల్ఫియా నగరంలోని బ్రైడ్స్‌బర్గ్ పేటలో కొందరు చర్చి పిల్లలు అవే వేషాలతో వెళ్లి చిల్లర అడిగారు. వాళ్ల చేతుల్లో ఖాళీ పాలడబ్బాలున్నాయి. అవి అట్టతో చేసినవి. పిల్లలు వాటిని పండుగకు తగ్గట్టు ముస్తాబు చేసుకున్నారు. ఆ రాత్రి వాటిలో పోగైన మొత్తం 17 డాలర్లు. పరదేశాల పిల్లలకు పాలు కొనడానికి ఆ సొమ్ము ఐక్యరాజ్య సమితి బాలల సంస్థ యూనిసెఫ్‌కు చేరింది.

ఈ ఆలోచన మేరీ ఎమ్మా ఆలిసన్‌ది. ఆమె బడిపంతులమ్మ. భర్త క్లైడ్ ఆలిసన్ ప్రెస్బిటీరియన్ పాస్టర్. ఒకరోజు ఆమె నగరం నడిబొడ్డున వేషాలు వేసుకున్న పిల్లల ఊరేగింపు చూసింది. అందులో ఒక ఆవు కూడా ఉంది. వింతగా తోచి వెంట నడిస్తే, ఆ ఊరేగింపు వానమేకర్ అనే పెద్ద దుకాణంలోకి దారితీసింది. అక్కడ యూనిసెఫ్ వాళ్లు బల్ల వేసుకుని పాలపొడి కోసం విరాళాలు పోగు చేస్తున్నారు. హాలోవీన్‌ను దీనికి ముడిపెట్టవచ్చని ఆమెకు అప్పుడే తట్టింది. ఇంటికొచ్చి చెబితే భర్త ఒప్పుకున్నాడు, వాళ్ల ముగ్గురు పిల్లలూ డబ్బాలు పట్టుకున్నారు.

పాలపొడే ఎందుకంటే, వెన్న తీసిన పాలను ఎండబెడితే బరువు తగ్గుతుంది, త్వరగా చెడదు, ఓడలో ఎంత దూరమైనా పంపవచ్చు. చేరినచోట మంచినీళ్లలో కలిపితే గ్లాసెడు పాలు తయారు. 1946 డిసెంబర్ 11న ఐక్యరాజ్య సమితి యూనిసెఫ్‌ను స్థాపించినప్పుడు, యుద్ధంలో చితికిపోయిన యూరప్ బిడ్డలకు అది అందించిన ముఖ్యమైన ఆహారం ఇదే. పాలు తాగుతున్న బిడ్డ బొమ్మే ఆ సంస్థ తొలి చిహ్నమైంది.

చర్చి పిల్లలు చిల్లర పోగుచేసిన ఆ ఏడే యూనిసెఫ్ ఉంటుందా పోతుందా అన్న చర్చ సమితిలో నడుస్తోంది. యూరప్ తేరుకుంది కాబట్టి ఇక మూసేయవచ్చని కొన్ని దేశాలు వాదించాయి. యుద్ధం వల్ల కాకపోయినా ఆసియా పిల్లలు ఆకలితో ఉన్నారని పాకిస్తాన్ ప్రతినిధి అహ్మద్ బుఖారీ గట్టిగా గుర్తుచేశాడు. గడువు మూడేళ్లు పొడిగించారు. 1953లో సంస్థ శాశ్వతమైంది.

బ్రైడ్స్‌బర్గ్ ముచ్చటను క్లైడ్ తమ చర్చి పత్రికలో పెట్టడంతో ఇతర ఊళ్ల సండే స్కూళ్లూ అందుకున్నాయి. పై నుంచి ఆదేశమేదీ లేకుండా ఒక చర్చి నుంచి ఇంకో చర్చికి పాకడమే ఈ కథలో అన్నిటికన్నా విలువైన భాగం. 1953 నుంచి అమెరికాలోని యూనిసెఫ్ సంఘం దీన్ని దేశమంతటా ప్రచారం చేసింది. తర్వాతి కాలంలో నారింజరంగు అట్టపెట్టె దీనికి గుర్తయింది. పైన చిన్న చీలిక, లోపల గలగలలాడే నాణేలు.

యూనిసెఫ్ సాయం భారతదేశానికీ అందింది. గుజరాత్‌లోని ఆనంద్‌లో కైరా జిల్లా సహకార సంఘం కట్టిన పాల ఫ్యాక్టరీకి అది యంత్రాలు ఇచ్చింది. బదులుగా సంఘం ఆ ప్రాంతపు పిల్లలకు పాలు అందించాలి. గేదె పాలతో పొడి చేయడం కుదరదని నిపుణులు తేల్చేసిన రోజుల్లో పాడి సాంకేతిక నిపుణుడు హెచ్.ఎం. దలాయా అక్కడ దాన్ని చేసి చూపించాడు. జవహర్‌లాల్ నెహ్రూ ఆ ఫ్యాక్టరీని ప్రారంభించింది 1955 అక్టోబర్ 31న. సర్దార్ పటేల్ జయంతి అని ఎంచుకున్న ఆ రోజే అమెరికాలో హాలోవీన్ కూడా. డబ్బాల్లోని సొమ్ము ఉమ్మడి నిధిలో కలిసేది కనుక ఏ నాణెం ఏ దేశానికి చేరిందో విడదీయలేం.

పిల్లల ఈ వసూళ్లను అందరూ మెచ్చలేదు. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో ఈ డబ్బు కమ్యూనిస్టు దేశాలకు పోతుందని కొన్ని సంఘాలు తల్లిదండ్రులను హెచ్చరించాయి. బిడ్డ ఏ దేశపు బిడ్డయినా ఆదుకోవాలన్నది యూనిసెఫ్ నియమం. ఆ భయానికి చాలా కుటుంబాలు లొంగకపోవడం గొప్ప సంగతే. నటుడు డానీ కే ఊరూరా తిరిగి పిల్లలను ఉత్సాహపరిచాడు. 1965లో యూనిసెఫ్‌కు నోబెల్ శాంతి బహుమతి దక్కింది. 1967లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ అక్టోబర్ 31ని యూనిసెఫ్ దినంగా ప్రకటించాడు.

కెనడా పిల్లలు 1955లో మొదలుపెట్టి, యాభై ఏళ్లు పెట్టెలు మోశారు. 2006లో అక్కడ ఆ పద్ధతి ఆగింది. అమెరికాలో మాత్రం కొనసాగింది. మేరీ ఎమ్మా 2010 అక్టోబర్ చివరలో, హాలోవీన్‌కు కొద్ది రోజుల ముందు, 93 ఏళ్ల వయసులో కన్నుమూసింది. అప్పటికి పిల్లలు పోగుచేసిన సొమ్ము 16 కోట్ల డాలర్లు దాటింది.