అరువు సొమ్ముల కవచం

అమెరికాలోని మిన్నెసోటాలోనో కెనడాలోని క్యుబెక్‌లోనో జనవరి పొద్దున, మంచు మీద నడిచే స్నోమొబైల్ ఎక్కబోతున్న మనిషిని ఒకణ్ణి ఆపి, ఒంటిమీద ఉన్నవన్నీ విప్పి బల్లమీద పరచమంటే పావుగంట పడుతుంది. హెల్మెట్, దానికింద మంకీ క్యాప్, గాగుల్స్, మణికట్టు దాటి పైకొచ్చే గ్లౌజులు, గాలి దూరని కోటు, భుజాలకు పట్టీలున్న ప్యాంటు, లోపల ఉన్ని బనీను, పిక్కలదాకా బూట్లు. మెడలో తాడుకు వేలాడే రెండు మేకుల పిడులు. కొండల్లో తిరిగేవాడైతే ఛాతీకి కట్టుకున్న చిన్న రేడియో, వీపున గాలిసంచీ. ఇది ఎవరిది, అది ఎవరిది అని ఆరా తీస్తే తమాషా బయటపడుతుంది. ఆ బండికోసమే పుట్టిన వస్తువు వీటిలో దాదాపు లేదు. ఒకటి వేటగాడిది, ఒకటి సైనికుడిది, ఒకటి మోటారుసైకిల్‌వాడిది, ఇంకొకటి చేపలు పట్టేవాడిది. అరువు సొమ్ము బరువు చేటు అంటారు మనవాళ్లు. ఇక్కడ ఆ బరువే మనిషిని ఇంటికి చేరుస్తోంది.

బండి సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. 1922 డిసెంబరు ఆఖరి రోజున క్యుబెక్‌లోని వాల్కూర్ అనే పల్లె వీధిలో పదిహేనేళ్ల జోసెఫ్-అర్మాండ్ బాంబార్డియర్, తమ్ముణ్ణి వెంటేసుకుని ఒక వింత బండి తోలాడు. మంచు మీద జారే చట్రం, పాత ఫోర్డ్ మోడల్-టీ ఇంజను, వెనక గిర్రున తిరిగే విమానం పంకా. పంకాకు అడ్డుగా ఏమీ లేదు. తండ్రి అది చూసి, ముందు దాన్ని విప్పేయమన్నాడు. స్నోమొబైల్ చరిత్రలో తొలి భద్రతాచర్య అదేనని నా లెక్క.

1934 చలికాలంలో అదే బాంబార్డియర్ రెండేళ్ల కొడుకు అపెండిక్స్ జబ్బుతో చనిపోయాడు. రోడ్లన్నీ మంచుతో పూడుకుపోయి, ఆస్పత్రికి తీసుకెళ్లే దారే లేకపోయింది. ఆ తర్వాత మూడేళ్లకు పేటెంటు పొంది అతను అమ్మకానికి పెట్టినవి చిన్న బస్సుల్లాంటివి. ఏడుగురు లోపల కూర్చుని తలుపేసుకునేవారు. వాటిలో వెళ్లడానికి మామూలు కోటు చాలు. అసలు పేచీ 1959లో మొదలైంది. ఆ ఏడు అతను తయారుచేసిన స్కీ-డూ ఒకరిద్దరు కూర్చునే తేలిక బండి. దానికి పైకప్పు లేదు, తలుపు లేదు. మనిషి గూట్లోంచి గాలిలోకి వచ్చిపడ్డాడు. ఇక ఆ గూటిని ఒంటికే తొడుక్కోవాలి.

తొలి నమూనాల్లో ఒకటి ఉత్తర ఒంటారియోలో మారుమూల ఊళ్లు తిరిగే క్రైస్తవ మిషనరీ ఫాదర్ మారిస్ విమే చేతికి వెళ్లింది. అంతవరకూ ఆయన వాహనం కుక్కలు లాగే బండి. స్కీ-డూ అనే పేరు కూడా మొదట 'స్కీ-డాగ్' అని, అక్షరం తారుమారై అలా స్థిరపడిందని చెబుతారు. కుక్కల స్థానంలో వచ్చిన బండి కనుక, తోలేవాళ్లు కూడా కుక్కలబండి మీద వేసుకునే బట్టలే వేసుకున్నారు.

ఆ బట్టల విషయంలో ఆర్కిటిక్‌లోని ఇన్యూట్‌లను మించినవాళ్లు లేరు. కారిబూ అనే మంచుదేశపు జింక తోలుతో రెండు చొక్కాలు కుట్టుకుంటారు. లోపలిదానికి వెంట్రుకలు ఒంటివైపు ఉంటాయి, పైదానికి బయటివైపు. రెండింటి మధ్యా వెచ్చటి గాలి నిలుస్తుంది. కారిబూ వెంట్రుక లోపల కూడా గాలి గదులుంటాయి కాబట్టి బరువు తక్కువ, వెచ్చదనం ఎక్కువ. తలమీది ముసుగు అంచుకు తోడేలు బొచ్చో, వుల్వరీన్ అనే జంతువు బొచ్చో కుడతారు. ఊపిరి తగిలి అక్కడ మంచు పేరుకున్నా చేత్తో దులిపితే రాలిపోతుంది. కళ్లకేమో ఎముకతోనో కొయ్యతోనో చెక్కిన పట్టీ, మధ్యలో సన్నటి చీలిక. మంచు మీద ఎండ పడి, దాని అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాల్చేస్తాయి. అలా చూపు పోకుండా ఆ చీలిక కాపాడుతుంది. అందులో అద్దం లేదు, కాబట్టి ఆవిరి పట్టడమన్న మాటే లేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ అవసరపడుతుంది.

కుక్కలబండి మీదికీ ఇంజను బండి మీదికీ తేడా అంతా గాలిలో ఉంది. థర్మామీటరు మైనస్ 20 డిగ్రీలు చూపుతున్నప్పుడు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళితే, చర్మానికి మైనస్ 36లా తగులుతుంది. ఈ లెక్క మొదట తీసినవాళ్లు పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు అమెరికన్లు. అంటార్కిటికాలో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పోసి గాలికి వేలాడదీసి, ఎంతసేపటికి గడ్డకడతాయో చూశారు. 1945లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. డబ్బా చర్మం కాదు కదా అని 2001లో టొరంటోలో పన్నెండు మందిని చల్లటి గాలిసొరంగంలో నడిపించి, బుగ్గలకు యంత్రాలు అతికించి లెక్క సరిదిద్దారు. ఇప్పుడు వాతావరణ శాఖవాళ్లు చెప్పేది ఆ బుగ్గల లెక్కే.

మనం చలికాలం పొద్దున్నే వాకింగుకు వెళ్లే తాతయ్యల నెత్తిన చూసే మంకీ క్యాప్‌ను ఇంగ్లీషువాళ్లు బాలక్లావా అంటారు. క్రిమియా యుద్ధంలో 1854 నాటి పోరాటంతో పేరుపడిన రేవు ఊరు అది. అక్కడ చలికి బిగుసుకుపోయిన బ్రిటిష్ సైనికుల కోసం ఇంటిదగ్గరి ఆడవాళ్లు ఉన్నితో అల్లి పంపిన టోపీలకు ఆ ఊరి పేరు తర్వాత అంటుకుంది. మఫ్లర్‌ను మాత్రం స్నోమొబైల్‌వాళ్లు దగ్గరికి రానివ్వరు. కింద గిరగిరా తిరిగే రబ్బరు పట్టాలో అది చిక్కుకుంటే మెడకు ఉరే. బైకు చక్రంలో చున్నీ పడిన ప్రమాదాలు చూసిన మనకు ఇది వివరించక్కర్లేదు.

1960లలో నైలాన్‌తో బొంతలా కుట్టిన, ఒళ్లంతా కప్పే సూట్లు వచ్చాయి. స్కీ-డూ బండికి పసుపు రంగు, తోలేవాడి సూటుకూ పసుపూ నలుపూ. 1971లో ఉత్తర అమెరికాలో దాదాపు 4,95,000 బండ్లు అమ్ముడయ్యాయి, వందకు పైగా కంపెనీలు పుట్టుకొచ్చాయి. అది పిచ్చి ముదిరిన కాలం. ఆ సూట్లు వెచ్చగా ఉన్నా చెమట బయటికి పోయేది కాదు. ఆ చిక్కు తీర్చిన పదార్థం మన దోసె పెనం మీద ఉండే టెఫ్లాన్ జాతిదే. 1969లో బాబ్ గోర్ అనే అమెరికన్, వేడిచేసిన ఆ పదార్థపు కడ్డీని నెమ్మదిగా లాగి లాగి విసిగి ఒక్కసారి గుంజాడట. అది తెగకుండా ఎన్నో రెట్లు సాగింది. సాగిన పొరలో కంటికి ఆనని రంధ్రాలు. చెమట ఆవిరి వాటిలోంచి బయటికి పోతుంది, నీటిచుక్క లోపలికి రాదు. గోర్-టెక్స్ అన్నది అదే. ఎంత మంచి కోటు వేసినా లోపల నూలు బనీను వేస్తే మాత్రం అంతా వృథా. నూలు చెమటను పీల్చి పట్టుకుంటుంది, బండి ఆపిన ఐదు నిమిషాలకు ఒంటికి మంచుగుడ్డ చుట్టినట్టే. పత్తి రైతు వింటే నొచ్చుకుంటాడేమో కానీ, మంచుదేశంలో పత్తి శత్రువు.

హెల్మెట్ కథ వేరే దారిలో వచ్చింది. 1935 మేలో ఇంగ్లండులోని డార్సెట్ పల్లెదారిలో, అరేబియా లారెన్స్‌గా పేరుపడిన టి.ఇ. లారెన్స్ సైకిళ్ల మీద వెళుతున్న ఇద్దరు కుర్రాళ్లను తప్పించబోయి మోటారుసైకిల్ మీంచి పడ్డాడు. ఆరు రోజులకు చనిపోయాడు. అతన్ని చూసిన డాక్టర్లలో మెదడు శస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్ ఒకడు. ఆ చావు ఆయన్ను వదల్లేదు. 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం రాశాడు. యుద్ధం మొదలైన 21 నెలల్లో 2,279 మంది మోటారుసైకిల్ మీద పోయేవాళ్లు చనిపోయారని లెక్క చూపించి, హెల్మెట్ పెట్టుకుని ప్రమాదానికి గురైన ఏడుగురిని మాత్రం తను చూడగలిగానని, ఏడుగురూ బతికారని చెప్పాడు. ఏడుగురంటే శాస్త్రానికి చాలా చిన్న సంఖ్య. అయినా ఆ నవంబరులోనే బ్రిటిష్ సైన్యం తన మోటారుసైకిల్‌వాళ్లకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. కొన్నిసార్లు పెద్ద లెక్కలకోసం ఆగకపోవడమే మేలు.

అప్పటి హెల్మెట్లు గట్టి చిప్పలు, లోపల పట్టీలు, అంతే. 1953లో అమెరికాలో సి.ఎఫ్. లొంబార్డ్‌కు దక్కిన పేటెంటుతో లోపలి పొర సంగతి మారింది. ఇవాళ ఆ పొర టీవీ అట్టపెట్టెలో వచ్చే థర్మకోల్ లాంటిదే. దెబ్బ తగిలినప్పుడు అది నలిగిపోతుంది, నలగడంలోనే దెబ్బ వేగం ఖర్చవుతుంది. ఒకసారి నలిగింది మళ్లీ పొంగదు. గట్టిగా పడిన హెల్మెట్ పైకి నిగనిగలాడుతున్నా పని అయిపోయినట్టే.

మోటారుసైకిల్ నుంచి మొహమంతా కప్పే హెల్మెట్ తెచ్చుకున్నాక స్నోమొబైల్‌వాళ్లకు కొత్త కష్టం వచ్చింది. మినియాపోలిస్‌లో ఉంటున్న మా అన్నయ్య కొడుకు తొలిసారి అద్దెకు బండి తీసుకున్నప్పుడు ఊళ్లో తన బైకు హెల్మెట్టే పెట్టుకుని వెళ్లాడట. "బాబాయ్, మొదటి ఊపిరికి అద్దం పాలగ్లాసులా తెల్లబడింది. రెండో ఊపిరికి గరుకైంది. మూడో ఊపిరి పీల్చలేదు, బండి ఆపేశా" అన్నాడు ఫోనులో. అప్పుడు గుర్తొస్తుంది ఇన్యూట్ చీలిక పట్టీ. ఈ ఒక్కచోట మాత్రం స్నోమొబైల్‌వాళ్లు అరువు మీద ఆగిపోకుండా సొంతంగా బుర్ర పెట్టారు. ముక్కూ నోరూ కప్పే రబ్బరు తొడుగు పెట్టి ఊపిరిని కిందికో పక్కకో తరిమేశారు. అద్దాన్ని రెండు పొరలుగా చేసి మధ్యలో గాలి బంధించారు. అదీ చాలకపోతే అద్దంలో సన్నటి తీగలు పరిచి, బండి బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చి వెచ్చబెట్టారు, కారు వెనకద్దంలాగే. కొండల్లో మంచు ఎగజిమ్ముతూ చెమటలు కక్కేవాళ్లు వీటిని కాదని తెరిచిన హెల్మెట్, గాగుల్స్‌కే వెళ్లారు. అయితే గాగుల్స్‌కీ మాస్కుకీ నడుమ వేలెడంత చర్మం బయట మిగిలినా చాలు, అక్కడే చర్మం గడ్డకట్టి తెల్లమచ్చ లేస్తుంది.

తెలుగులో మంచు అంటే ఆకుమీది చుక్క, పొద్దుటి పొగ, కొండమీది తెలుపు, గడ్డకట్టిన చెరువు అన్నీ అదే. మంచుదేశాలవాళ్లకు చివరిదానితో ప్రాణాల బేరం. కొత్తగా కట్టిన గట్టి గడ్డ మీద స్నోమొబైల్ నడపాలంటే 5 నుంచి 7 అంగుళాల మందం ఉండాలంటుంది మిన్నెసోటా ప్రకృతివనరుల శాఖ. గడ్డ విరిగి నీళ్లలో పడినవాడు ఒడ్డు పట్టుకుందామంటే అది తడిసిన అద్దం, చెయ్యి జారుతుంది. మెడలోని మేకుల పిడులు అందుకు. రెండు చేతులా పట్టుకుని గడ్డలోకి పొడుస్తూ పాకి పైకి రావాలి. స్వీడన్, ఫిన్లండ్‌లలో గడ్డమీద చేపలు పట్టేవాళ్లకు ఇది ఎప్పటినుంచో ఉన్న అలవాటు. మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ప్రొఫెసరు తనే ఎన్నోసార్లు మంచునీళ్లలో దిగి చూసి ఒక లెక్క చెప్పాడు. ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులు చెప్పిన మాట వినేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి ఒక గంట. నీళ్లలో పడగానే చచ్చిపోతామనే భయమే చాలామందిని ఆ మొదటి నిమిషంలో ముంచుతుంది. కోటు విప్పకూడదు కూడా. లోపల చిక్కుకున్న గాలి కాసేపు తేల్చిపెడుతుంది.

కొండల్లో మంచు చరియలది ఇంకో లెక్క. కూరుకుపోయినవాళ్లలో 15 నిమిషాల్లోపు బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారని, 35 నిమిషాలకు ఆ సంఖ్య మూడుకు పడిపోతుందని 1994లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. అంబులెన్సు, హెలికాప్టరు వచ్చేలోపు కథ ముగుస్తుంది, పక్కనున్నవాడే దిక్కు. వెనకటి రోజుల్లో ఆల్ప్స్‌లో నడుముకు పొడుగాటి ఎర్రతాడు కట్టుకుని ఈడ్చుకెళ్లేవారు, ఒక కొసైనా పైన కనబడుతుందని. 1968లో అమెరికాలోని బఫెలోలో జాన్ లాటన్ అనే ఇంజనీరు ఆ తాడు బదులు రేడియో సంకేతం పంపే పెట్టె చేశాడు. చలికాలపు నార్స్ దేవత పేరు మీద దాన్ని స్కాడీ అన్నారు. ఇప్పటి పెట్టెలన్నీ 457 కిలోహెర్ట్జ్ మీద ఒకదానికొకటి పలుకుతాయి.

గాలిసంచీకి మూలం ఒక బవేరియా అటవీ ఉద్యోగి. 1970లలో, వేటాడిన జంతువును భుజానేసుకుని వస్తుండగా మంచు చరియ లాక్కుపోయినా తను పైనే తేలాడని గమనించాడు. చాటలో బియ్యం కుదిపితే పెద్ద బెడ్డలు పైకి వస్తాయి కదా, అదే సూత్రం. మనిషి పరిమాణం పెద్దదైతే మంచు ముద్దల మధ్య పైకి తేలతాడు. ఆ ఆలోచన హక్కులు కొన్న పీటర్ ఆషావర్ 1985 నాటికి ఉబ్బే సంచీని బజారులో పెట్టాడు. స్కీయింగ్‌వాళ్ల నుంచి అది స్నోమొబైల్‌వాళ్ల వీపుకెక్కింది. 2008 డిసెంబరు 28న బ్రిటిష్ కొలంబియాలోని ఫెర్నీ దగ్గర పదకొండు మంది స్నోమొబైల్ మిత్రులను మంచు చరియలు కప్పేస్తే ముగ్గురే మిగిలారు. పెట్టె, పార, సంచీ అన్నీ ఉన్నా, ఆ పూట ఆ కొండ ఎక్కకపోవడానికి సాటి రాదు. సంచీ ఉందన్న ధైర్యంతో ఇంకో మెట్టు పైకి ఎక్కేవాళ్లూ ఉన్నారు మరి.

చట్టం సంగతికొస్తే ఊరికో తీరు. క్యుబెక్‌లో హెల్మెట్ అందరికీ తప్పనిసరి. మిన్నెసోటాలో పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకే.

మన తెలుగువాళ్లకు ఈ బండి తగిలేది ఎక్కువగా మనాలి పైన. అక్కడ దీన్ని స్నో స్కూటర్ అంటారు. దారి పొడుగునా కోట్లు, గమ్‌బూట్లు అద్దెకిచ్చే కొట్లు. నాకు దొరికిన కోటు వీపున 47 అని అంకె, జిప్పు చోట పిన్నీసు. స్కూటరు దగ్గరికెళ్లి హెల్మెట్ అడిగితే కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, ఎక్కడినుంచో ఒకటి తెచ్చాడు. గడ్డం కింద పట్టీ లేదు. ఒక చేత్తో అది ఊడకుండా నెత్తిన అదిమిపట్టుకుని, రెండో చేత్తో కుర్రాడి జాకెట్టు పట్టుకుని, ఐదు నిమిషాలు తిరిగొచ్చాను. దిగి చూసుకుంటే హెల్మెట్ మీద ఆనిన నాలుగు వేళ్లూ కట్టెల్లా బిగుసుకున్నాయి. గ్లౌజులు అడగడం మర్చిపోయాను.