ఎండలో పండే ఊదారంగు

ఐర్లండులోని ఒక రేవు ఊళ్లో ఎవరో నత్త రసంతో పెద్దింటివాళ్ల నారబట్టల మీద పేర్లు రాసి బాగా గడిస్తున్నారని, ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ రాత పోదని బ్రిస్టల్ వాసి విలియం కోల్ చెవిన పడింది. ఏ నత్తో మాత్రం తెలియలేదు. 1684లో ఆయన సోమర్సెట్ తీరంలో, ఎదుటి సౌత్ వేల్స్ గట్టున దొరికిన గుల్లనల్లా పగలగొట్టి చూశాడు. చివరికి గుట్టు డాగ్ వెల్క్ అనే నత్త దగ్గర బయటపడింది.

చూపుకు ఆనని జీవి ఇది. గుల్ల మందమే గానీ పొడవు మామూలుగా మూడు సెంటీమీటర్లకు మించదు. రంగు తెలుపో, పసుపో, గోధుమ చారలో. ఉత్తర అట్లాంటిక్ చల్లనీటి రాళ్లను కరుచుకుని, ఆల్చిప్పలకు బెజ్జం వేసి లోపలి మాంసం జుర్రుకుంటుంది.

కోల్ పద్ధతి ఓపిక ఉన్నవాళ్లకే. లోపలి ప్రాణి నలగకుండా గుల్ల చితక్కొట్టాలి. తల దగ్గర అడ్డంగా తెల్లటి నరం లాంటిది కనబడుతుంది. గుర్రపు వెంట్రుకల పొట్టి కుంచెతో దాన్ని తోడి బట్ట మీద రాయాలి. ముందు లేత ఆకుపచ్చ. ఎండ తగిలేకొద్దీ ముదురు పచ్చ, ఆపైన నీలం, చివరికి ఎర్రటి ఊదా. మరుగునీళ్లలో సబ్బు పెట్టి ఉతికితే నిగనిగలాడే ఎరుపు తేలుతుంది. ఎండలో ఆరేటప్పుడు మాత్రం వెల్లుల్లి, ఇంగువ కలిపినట్టు కంపు కొడుతుందని ఆయన ఫిర్యాదు. ఇంగువను కంపులో జమకట్టడం మన వంటింట్లో చెల్లదు గానీ, దొర బాధ దొరది.

1685లో రాయల్ సొసైటీ పత్రిక కోల్ పద్ధతిని అచ్చువేసింది. నిజానికి ఇది ఆ తీరాలు దాదాపు మరిచిన పాత విద్యే. బ్రిటన్ నత్తల నుంచి వెలవని ఎర్రరంగు వస్తుందని 731 నాటికే బీడ్ అనే సన్యాసి రాశాడు. ఐర్లండు పడమటి తీరంలోని ఇనిష్కీ నార్త్ దీవిలో 7వ శతాబ్దపు రంగుల పనిచోటు, పగిలిన గుల్లల గుట్టతో సహా, తవ్వకాల్లో బయటపడింది. ఈ నత్త రసంలోని ముఖ్యమైన రంగు పదార్థం రోమన్ చక్రవర్తుల ఊదాదే: మచిలీపట్నం ఓడలకెక్కించిన నీలిమందుకు రెండు బ్రోమిన్ పరమాణువులు తగిలిస్తే అదే.

రంగు కోసం కొట్టినా తరగని నత్తలు 1980ల్లో నైరుతి ఇంగ్లండులో మాయం కాసాగాయి. పడవల అడుగుకు నాచు పట్టకుండా పూసే రంగులోని ట్రైబ్యూటైల్ టిన్ వల్ల ఆడ నత్తలకు మగ అవయవం మొలిచి, గుడ్లు బయటికి రాక చనిపోయేవి. చిన్న పడవలకు బ్రిటన్ 1987లోనే ఆ పూత మాన్పించింది. ప్రపంచమంతటా నిషేధం 2008లో అమల్లోకొచ్చింది. అయినా ఖాళీ అయిన రాళ్లు వెంటనే నిండలేదు. ఈ జాతి పిల్లలు అలల మీద తేలిపోవు, గుడ్డు తిత్తిలోంచి నేరుగా పాక్కుంటూ వస్తాయి. పక్క రేవు చేరడానికి వాటికి తరాలే పడుతుంది.