హసదేవ్ నది – బాంగో జలాశయము

ఆనకట్ట యనగానే మన ఆంధ్రులకు ధవళేశ్వరము, నాగార్జునసాగరము స్ఫురించుట సహజము. కాని బ్రతుకుతెరువుకై వచ్చి మనము స్థిరపడిన ఈ బిలాసపురమునకు చేరువనే అంతటి ప్రయోజనము గల జలాశయ మొకటి కలదని మనలో అనేకు లెరుగరు. అదియే హసదేవ్ నదిపై నిర్మింపబడిన మినీమాతా బాంగో జలాశయము.

హసదేవ్ కొరియా జిల్లా కొండలలో పుట్టి, సాలవృక్షారణ్యముల గుండ 333 కిలోమీటర్లు ప్రవహించి మహానదిలో కలియును. వర్షకాలమున ఉరవడి, వేసవిలో ఇసుకతిన్నెలు - ఇది దాని స్వభావము. ఈ నదికి కొర్బా ఎగువన, మాచాడోలీ గ్రామము చెంత, 87 మీటర్ల యెత్తున కట్ట కట్టిరి. అప్పుడా ప్రాంతము మన బిలాసపురము జిల్లాలోనిదే. 1998లో కొర్బా ప్రత్యేక జిల్లా అయినది. ఛత్తీస్‌గఢ్ ప్రాంతము నుండి లోకసభకు ఎన్నికైన తొలి మహిళయు, 1972లో విమానప్రమాదమున అసువులు బాసిన ప్రజాసేవకురాలును అగు మినీమాత పేరు దీనికి పెట్టుట సముచితము.

ఇచ్చట ఒకే నీరు పలుమార్లు పనిచేయును. కట్ట వద్ద ఒక్కొక్కటి 40 మెగావాట్ల శక్తి గల మూడు యంత్రములను త్రిప్పి, దిగువకు ప్రవహించి, కొర్బా వద్ద దర్రీ ఆనకట్టను చేరును. అచ్చట కొంత కాలువల ద్వారా జాంజ్‌గీర్-చాంపా వరిపొలములకు, కొంత తాపవిద్యుత్కేంద్రములకు పోవును. మన రైళ్ళు మోయు బొగ్గు ఆ కేంద్రములలో మండవలెనన్నను ఈ నీరే ఆధారము. అయితే వరద నాపుటకు జలాశయము ఖాళీగా నుండవలెను; సేద్యమునకు నిండుగా నుండవలెను. ఈ రెండింటిని సమన్వయించుటయే ఇంజనీర్ల నేర్పు.

ఈ సౌభాగ్యమునకు మూల్యము చెల్లించినవారు వేరు. గతవత్సరము సకుటుంబముగా అచ్చటికి పోయినపుడు, పడవవాడగు వృద్ధుడొకడు నీటినడుమకు చేయి చూపి, “మా ఊరు అక్కడ నుండెడిది” అనెను. “నీరు తప్ప ఏమియు లేదే, నాన్నా!” అని మా చిన్నమ్మాయి అడిగినది. నేను బదులు చెప్పలేకపోతిని.

నాగార్జునసాగరము నిండకముందు, 1954 నుండి 1960 వరకు త్రవ్వకములు జరిపి, ఇక్ష్వాకుల విజయపురి శిల్పములను కొండపైకి చేర్చి కాపాడుకొంటిమి. బాంగో నీట మునిగిన ఆదివాసుల పల్లెలకు అట్టి ప్రదర్శనశాల లేదు. నిర్వాసితులలో పలువురు తమ పొలములపై నిలిచిన నీటిలోనే చేపలు పట్టి జీవించిరి.

నేడు మరియొక చింత కలదు. జలాశయమునకు నీరందించు హసదేవ్ అరణ్యము క్రింద బొగ్గు నిక్షేపము లున్నవి. అడవి నరికినచో ఒండ్రు వచ్చి చేరును, ఊటలు తగ్గును. బొగ్గును, నీటిని రెంటిని కోరు మనము ఈ లెక్కను విస్మరింపరాదు.

సోదరులారా! సెలవుదినమున పిల్లలను బాంగోకు తీసికొని పొండు. కట్ట యెత్తుతోపాటు, దాని యడుగున నున్న ఊళ్ళను గూర్చియు వారికి చెప్పుడు. మనకు అన్నము పెట్టిన నేల చరిత్రను తెలిసికొనుట మన ధర్మము.