వేలిముద్ర అడిగిన ఏడాది

మా తాత కుప్పం పక్క పల్లె నుంచి మారికుప్పం బంగారు గనుల్లోకి వచ్చింది కూలీలను తెచ్చే మేస్త్రీ మాట మీద. కాగితం లేదు, కలం లేదు. చేతిలో పెట్టిన అడ్వాన్సే ఒప్పందం. బౌరింగ్‌పేటలో, అంటే ఇప్పటి బంగారపేటలో, రైలు మారి దిగినప్పటి నుంచి ఆ బాకీ తీరేదాకా మేస్త్రీ చెప్పిన షాఫ్టులో, చెప్పిన షిఫ్టులో దిగాల్సిందే. ఉండేది తడికెల గుడిసె.

అదే కాలంలో ఓడెక్కే కళాసీకి ఒక కాగితమైనా ఉండేది. 1923 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం ప్రకారం షిప్పింగ్ మాస్టర్ ఒప్పందం చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. జీతమెంతో, తిండేమిటో అందులో ఉండాలి. చదివినదాంట్లో కళాసీకి ఎంత తలకెక్కేదో, అది వేరే సంగతి.

మా తాత దిగిన కేజీఎఫ్‌లో, అంటే కోలార్ బంగారు గనుల్లో, మైసూర్ మైన్, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గ్ పేరుకు వేర్వేరు కంపెనీలు. నడిపేది మాత్రం 1880లో కాలుపెట్టిన జాన్ టేలర్ అండ్ సన్స్ ఒక్కటే. ఒకచోట తీసేసినవాడు ఇంకోచోట చేరకూడదు, బంగారం దొంగిలించేవాడు దొరకాలి. దీనికోసం 1930లో కూలీలందరూ వేలిముద్రలు వేసి రిజిస్టర్ కావాలన్నారు. ఆ రిజిస్ట్రేషన్ కాగితంలో కూలి రేటు గురించి గానీ, బండ పగిలి మీద పడితే ఇంటివాళ్లకు ఏమిస్తారో గానీ లేదు. ఉన్నదల్లా మనిషి ఆనవాలు. నా లెక్కలో అది ఒప్పందం కాదు, పోలీసు రికార్డు. ట్రాన్స్‌వాల్‌లో ఇలాగే పది వేళ్ల ముద్రలు అడిగితే 1908లో గాంధీతోపాటు మనవాళ్లూ జైలుకు పోయారు.

తాత బొటనవేలు నేను బాగా ఎరుగుదును. సమ్మెట తప్పి తగిలి తగిలి గోరు సగమే మిగిలింది, కొన నున్నగా అరిగి, గీత అన్నది కనబడేది కాదు. 'దీని ముద్ర ఏం తీస్తారురా, తీసుకోమను' అని నవ్వేవాడు. నవ్వినా ఆయన వెయ్యలేదు, కూలీ లైన్లలో ఎవరూ వెయ్యలేదు. ఏప్రిల్‌లో గనులన్నీ ఆగిపోయాయి. గుర్తింపున్న యూనియన్ ఒక్కటీ లేని రోజులు, అయినా మూడు వారాలు నిలబడ్డారు. కంపెనీ రిజిస్ట్రేషన్ వెనక్కి తీసుకుంది.

మేస్త్రీ మాత్రం బాకీ వెనక్కి తీసుకోలేదు. ఆ మూడు వారాల తిండికి తాత మళ్లీ ఆయన దగ్గరే చెయ్యి చాపాడు.